భోజనపు బల్లకు ఎన్ని కుర్చీలు?



ఇల్లు కట్టుకొనినవారు, కొత్త ఫ్లాటు తీసుకొనినవారు, పిల్లల పెండ్లిండ్లు తలపెట్టినవారు ఎప్పుడో ఒకప్పుడు ఫర్నిచరు దుకాణమునకు వెళ్లక తప్పదు. డైనింగ్ టేబుల్ కావలెననగానే అక్కడ మొదట వినిపించే ప్రశ్న, "నాలుగు కుర్చీలదా, ఆరు కుర్చీలదా?" అని. చాలమంది గది కొలత చూడకుండ, ఇంట్లో ఎందరున్నారో లెక్కించకుండ, పక్కింటివారి బల్లను మనసులో పెట్టుకొని జవాబు చెప్పుచుంటారు. బల్ల ఇంటికి చేరిన తరువాత ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు. కుర్చీ వెనుకకు జరపబోతే గోడ తగులుతుంది. మరికొన్ని ఇండ్లలో ఎనిమిది కుర్చీల బల్ల ఉంటుంది గాని, దానిమీద ఇస్త్రీ బట్టలు, పిల్లల పుస్తకములు, కరెంటు బిల్లులు పేరుకొని ఉంటవి. ఇంటివారు పళ్లెములు చేత పట్టుకొని టీవీ ఎదుట కూర్చుంటారు.

బల్ల కొలతలు కుటుంబ పత్రికలో వ్రాయవలసినంతటి సంగతియా అని ఎవరైనను అడుగవచ్చును. ఉద్యోగములు, ట్యూషనులు, సెల్‌ఫోనుల మధ్య ఇంటిల్లిపాది ఒకరి ముఖమొకరు చూచుకొను సమయము దినమునకు ఒక్కసారి దొరకుటయే కష్టముగా ఉన్నది. ఆ ఒక్క సమయమునకు చోటిచ్చునది భోజనపు బల్లయే. అందరు కలిసి ప్రార్థన చేసి అన్నము ముట్టుకొనుట చాల ఇండ్లలో అక్కడనే జరుగును. కనుక దాని కొలత తప్పినచో నష్టము డబ్బుతో పోదు, ఇంటిలో ఎవరో ఒకరు ఆ సహవాసమునకు వెలుపల మిగిలిపోదురు.

దేవుడు కొలత చెప్పిన బల్ల

పరిశుద్ధ గ్రంథములో ఒక బల్లకు దేవుడే కొలతలు ఇచ్చెను. ప్రత్యక్ష గుడారములోని సన్నిధి రొట్టెల బల్ల తుమ్మకర్రతో చేయబడినది. పొడవు రెండు మూరలు, వెడల్పు ఒక మూర, ఎత్తు మూరన్నర (నిర్గమ 25:23). మూర దాదాపు 18 అంగుళములని లెక్కించినచో అది మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 27 అంగుళముల ఎత్తు గల బల్ల. మన ఇండ్లలో పిల్లలు చదువుకొను బల్లకంటె పెద్దది కాదు.

ఇంత చిన్న బల్లమీద ఆరేసి చొప్పున రెండు వరుసలుగా 12 రొట్టెలు ఉంచవలెను (లేవీ 24:5, 6). ఇశ్రాయేలు గోత్రములు 12. సంఖ్యాకాండము మొదటి అధ్యాయపు లెక్కలో యూదా గోత్రపు పురుషులు 74,600 మంది, మనష్షే గోత్రపువారు 32,200 మంది. ఒకటి మరొకదానికి రెట్టింపుకంటె ఎక్కువ. అయినను ప్రతి రొట్టెకును పట్టిన గోధుమపిండి ఒకే కొలత. పెద్ద గోత్రమునకు పెద్ద రొట్టె, చిన్న గోత్రమునకు చిన్న రొట్టె అనలేదు. బల్ల చిన్నదే గాని దాని లెక్కలో ఎవ్వరును తప్పిపోలేదు. మన ఇంటి బల్లకు కూడ మొదట కావలసినది ఈ లెక్కయే. టేపు పట్టుకొనకముందు మనుష్యులను లెక్కించవలెను.

ముందుగా మనుష్యుల లెక్క

ఒక కాగితము తీసికొని ఇంట్లో రోజూ అన్నము తినువారి పేర్లన్నియు వ్రాయుడి. సంఘ కుటుంబములను దర్శించునపుడు మేము ఈ మాట చెప్పుచుంటిమి. చాలమంది వ్రాసిన జాబితాలో రెండు పేర్లు తరచుగా లేకుండపోవుట కూడ చూచుచుంటిమి. ఒకటి ఇంటి ఇల్లాలు. "ఆమె తరువాత తింటుందండీ" అందురు. రెండవది మంచము పట్టిన తల్లి గాని, నడవలేని తండ్రి గాని. "వారికి గదిలోనికే పంపిస్తామండీ" అందురు.

మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. దావీదు అతనికి భూములు తిరిగి ఇప్పించి ఊరకుండలేదు. రాజు బల్లయొద్దనే అతడు ఎల్లప్పుడు భోజనము చేయునట్లు చేసెను (2 సమూయేలు 9). కనుక మోకాళ్ల నొప్పులున్న తల్లికి చేతులున్న కుర్చీ, వంటింటికిని తలుపుకును దగ్గరగా ఉండే మూల కేటాయించుడి. చేతుల ఆధారముతో ఆమె లేవగలదు. చక్రముల కుర్చీలో ఉన్నవారికి బల్ల క్రింద కనీసము 27 అంగుళముల ఎత్తు ఖాళీ కావలెను, ఆ వైపు బల్లకాలు అడ్డు రాకూడదు. వడ్రంగికి ముందే చెప్పినచో ఇది కష్టము కాదు.

జాబితా పూర్తియైన తరువాత దానికి ఒక అంకె కలుపుడి. అది అతిథికి. షూనేములోని ఘనురాలైన స్త్రీ ఎలీషా కొరకు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచినది (2 రాజులు 4:10). ఆమె ఒక్క మనిషికి సరిపోవునంతే ఏర్పాటు చేసెను. నలుగురున్న ఇంటికి ఐదుగురి చోటు, ఐదుగురున్న ఇంటికి ఆరుగురి చోటు చాలును. ఏడాదికి ఒకసారి క్రిస్మసుకు వచ్చే ఇరువది మందిని తలచుకొని బల్ల కొన్నచో, మిగిలిన 364 దినములు దాని చుట్టు ఒదిగి నడువవలసి వచ్చును.

ఒక మనిషికి ఎంత చోటు?

కూర్చుని తినుటకు ఒక్కొక్కరికి బల్ల అంచున 24 అంగుళములు, అనగా రెండడుగులు కావలెను. మనము చేతితో కలుపుకొని తినువారము గనుక మోచేయి పక్కకు కదులును. రెండడుగులకు తగ్గినచో పక్కవారి పళ్లెము తగులును.

వెడల్పు మూడడుగులు మంచిది. మన స్టీలు కంచము 11, 12 అంగుళములుండును. ఎదురెదురుగా రెండు కంచములు పెట్టగా నడుమ ఒక అడుగు మిగులును. అన్నము గిన్నె, పప్పు, కూర, చారు, పెరుగు, పచ్చడి, మంచినీళ్లు అన్నియు ఆ అడుగులోనే ఇమడవలెను. వెడల్పు రెండున్నర అడుగులైనచో గిన్నెలకు చోటు చాలదు. అవి వంటింటి గట్టుమీదనే ఉండును, వడ్డించు మనిషి అక్కడికిని ఇక్కడికిని తిరుగుచుండవలసి వచ్చును.

ఎత్తు 30 అంగుళములు, కుర్చీ కూర్చునే మట్టము 18 అంగుళములు సాధారణముగా సరిపోవును. ఈ రెంటి నడుమ 10 నుండి 12 అంగుళముల తేడా ఉండవలెను. బల్ల పలక క్రింది చట్రము మరీ లోతుగా ఉన్నచో తొడలు తగులును. కొనకముందు కూర్చుని చూచుకొనుట మంచిది.

ఈ లెక్కన నలుగురికి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల బల్ల సరిపోవును. ఆరుగురికి 5 అడుగులు చాలును గాని 6 అడుగులైనచో హాయిగా ఉండును. ఎనిమిది మందికి 7 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు కావలెను.

గుండ్రని బల్ల కోరుకొనువారికి 4 అడుగుల అడ్డుకొలత గలది నలుగురైదుగురికి సుఖముగా ఉండును, సర్దుకొన్నచో ఆరుగురు కూర్చుందురు. 5 అడుగులది ఆరుగురేడుగురికి సరిపోవును. గుండ్రని బల్లకు తలవైపు ఉండదు, ఎవరు పెద్ద ఎవరు చిన్న అను స్థానముండదు. నడుమనున్న గిన్నె అందరికిని ఒకే దూరములో ఉండును. చిన్న కుటుంబమునకు ఇది చాల అనుకూలము. 6 అడుగులకు పెరిగినచో మాత్రము నడిమి గిన్నె ఎవరి చేతికిని అందదు.

గది ఒప్పుకొనవలెను

కుర్చీ వెనుకకు లాగి లేచుటకు, వెనుకగా మరొకరు నడుచుటకు బల్ల అంచునుండి గోడ వరకు మూడడుగులు ఉండవలెను. కనుక గది పొడవులో నుండి 6 అడుగులు, వెడల్పులో నుండి 6 అడుగులు తీసివేయుడి. మిగిలినదే మీ బల్లకు హద్దు. 12 అడుగులు, 10 అడుగుల గదిలో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుకు మించిన బల్ల పెట్టరాదు. 10 అడుగుల చదరపు గదిలో 4 అడుగుల బల్లయే సరియైనది. ఎవరును వెనుకగా నడువని వైపున రెండున్నర అడుగులున్నను సరిపోవును. గోడ వైపు కుర్చీలకు బదులు బెంచీ వేసినచో ఆ వైపు దాదాపు రెండడుగులతో గడచిపోవును. ఇద్దరు పెద్దలు కూర్చుండే బెంచీమీద ముగ్గురు పిల్లలు సర్దుకొందురు.

అంకెలు అర్థము కానివారికి సులువైన ఉపాయమున్నది. కొనదలచిన బల్ల పొడవు వెడల్పుల మేరకు నేలమీద పాత దినపత్రికలు పరచుడి. చుట్టును ఇంట్లోని కుర్చీలు వేసి అందరిని కూర్చుండబెట్టుడి. ఒకరు వేడి గిన్నె పట్టుకొని వెనుకగా నడిచి చూడవలెను. ఫ్రిజ్, బీరువా, చేతులు కడుగుకొను సింకు దగ్గరకు దారి ఉన్నదా చూడవలెను. అడ్వాన్సు ఇచ్చుటకు ముందు చేయవలసిన పని ఇది. అలాగే బల్ల మెట్లమీదుగా, గుమ్మములోగుండ లోపలికి పట్టునా అనునది కూడ కొలుచుకొనవలెను.

చోటు తక్కువగా ఉన్నవారికి

ఒకే గది, ఒక వంటిల్లు ఉన్న ఇండ్లు మన సంఘములలో ఎన్నో ఉన్నవి. వారు దిగులు పడనక్కరలేదు. గోడకు బిగించి, తిన్న తరువాత మడిచివేసే పలక ఒక మార్గము. మరియొక మార్గము 3 అడుగుల చదరపు బల్లలు రెండు చేయించుకొనుట. 8 అడుగులు, 4 అడుగులుండే ఒక ప్లైవుడ్ షీటులో రెండు పలకలును వచ్చును. రోజూ ఒకటి భోజనమునకు, రెండవది పిల్లల చదువునకు ఉపయోగపడును. బంధువులు వచ్చిన దినమున రెండును కలిపినచో 6 అడుగుల బల్ల అగును. రెంటి ఎత్తును అంగుళము తేడా లేకుండ సమానముగా ఉండవలెను.

బల్లయే లేకున్నను సిగ్గు లేదు. చాప పరచి, పీటలు వేసికొని అందరు గుండ్రముగా కూర్చుండినచో అదియే మంచి బల్ల. మన ప్రభువు ఐదువేల మంది పురుషులను పచ్చికమీద నూరేసి మందిగాను ఏబదేసి మందిగాను కూర్చుండజేసి వడ్డింపజేసెను (మార్కు 6:39, 40). అక్కడ కుర్చీలు లేవు గాని క్రమమున్నది, అందరికిని అందినది, మిగిలినది కూడ. అప్పు చేసి, నెలనెలా వాయిదాలు కట్టుచు టేకు బల్ల కొని, దానిమీద వాయిదాల గురించి పోట్లాడుకొనుటకంటె చాపమీది పచ్చడి మెతుకులు మేలు. సామెతల గ్రంథకర్త కూడ సమాధానముతో కూడిన ఎండు రొట్టెముక్కనే మెచ్చుకొనెను (సామెతలు 17:1).

చివరకు తినుచున్నది ఎవరు?

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వత్తుము. మేము కుటుంబములను దర్శించినపుడు ప్రేమతో భోజనమునకు నిలుపుదురు. ఆరు కుర్చీల బల్లయొద్ద ఇంటి యజమానుడు, కుమారులు, మేము కూర్చుందుము. రెండు కుర్చీలు ఖాళీగా ఉండును. ఇంటి ఇల్లాలు, కోడలు గరిటె పట్టుకొని నిలుచుందురు. "అమ్మా, మీరు కూడ కూర్చోండి" అన్నచో "మీరు కానివ్వండయ్యగారూ, మాకేం తొందర" అందురు. అది మర్యాద, దానిని మేము గౌరవింతుము. కాని అతిథి లేని దినములలో కూడ అదే జరుగుచున్నదా? అందరు లేచిన తరువాత అడుగంటిన కూర, చల్లారిన అన్నము ఆ తల్లి వంటింటిలో ఒంటరిగా తినుచున్నదా? కూర మిగలని దినమున పచ్చడితో సరిపెట్టుకొనుచున్నదా? ఆ తల్లికి రక్తహీనత ఉన్నను, కడుపుతో ఉన్నను ఇట్లే జరుగుచున్న ఇండ్లున్నవి. బల్లయొద్ద స్తుతి ప్రార్థన చేసిన ఇంటిలో ఇట్లుండవచ్చునా?

మార్త పనిలో సతమతమై ప్రభువునొద్ద మొరపెట్టెను (లూకా 10:40). ప్రసంగములలో మార్తను మందలించుట మనకు అలవాటు. మార్త కూడ కూర్చుండునట్లు ఇంటిలో ఏర్పాటు చేయుట ఇంకను అలవాటు కాలేదు. ప్రభువు ఆ కడరాత్రి తానే భోజనమునొద్దనుండి లేచి, తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను (యోహాను 13:4, 5). పరిచర్య చేసినవాడు తిరిగి వచ్చి వారితో కూర్చుండెను కూడ (13:12). పరిచర్య చేసినవారికి బల్లయొద్ద చోటు లేకుండుట ఆయన పద్ధతి కాదు.

మన డైనింగు హాలు గోడలపై వ్రేలాడే ఆ కడరాత్రి భోజనపు చిత్రమునకు మూలము లియొనార్డో డావిన్సీ 1495 మొదలు 1498 వరకు ఇటలీలోని మిలాను పట్టణములో సన్యాసుల భోజనశాల గోడమీద వేసినది. అందులో 13 మందియు పొడవైన బల్లకు ఒకే వైపున ఉందురు. అది చూచువారికి అందరి ముఖములు కనబడుటకు చేసిన ఏర్పాటు. ప్రభువు కాలమున విందులలో ఎత్తైన కుర్చీలు లేవు, ఆనుకొని పండుకొన్నట్లుగా కూర్చుండి తినెడివారు. అందువలననే ఒక శిష్యుడు ఆయన రొమ్మున ఆనుకొనగలిగెను. గోడమీది చిత్రము ఎంత పెద్దదైనను, క్రిందనున్న బల్లయొద్ద ఇంటివారందరు కూర్చుండనిచో దాని ప్రయోజనమేమి?

ఇక్కడనే కొలతకును ప్రేమకును సంబంధమున్నది. కూర్చున్న మనిషి చేయి చాచినచో సుమారు రెండడుగుల దూరము వరకు సులువుగా అందును. బల్ల ఎనిమిదడుగుల పొడవున్నచో నడుమ పెట్టిన అన్నము గిన్నె చివరివారికి అందదు గనుక ఎవరో ఒకరు నిలువక తప్పదు. ఆ ఒకరెవరో మనకు తెలిసినదే. ఐదారడుగుల బల్లపై అన్ని గిన్నెలు ఒకేసారి పెట్టి, నీళ్లజగ్గు, పెరుగు కూడ ముందే ఉంచినచో ఎవరికి వారు వడ్డించుకొందురు, అమ్మ కూడ కూర్చుండును. పెద్ద బల్ల తప్పనిసరియైనచో గిన్నెలు రెండేసి పెట్టుడి. చపాతీలు, అట్లు వేడివేడిగా కావలెననువారు వంతులవారీగా లేచి వేయవలెను. ఆ వంతు కుమారునికి కూడ రావలెను.

ప్రేమవిందు బల్లలు

సంఘములో ప్రేమవిందు పెట్టునపుడు కూడ ఈ లెక్కలే పనికివచ్చును. 6 అడుగుల మడత బల్లకు ఒక వైపున ముగ్గురు చొప్పున ఆరుగురు కూర్చుందురు. 60 మందికి పది బల్లలు. రెండు వైపుల కూర్చుండినపుడు వరుసకును వరుసకును నడుమ కనీసము 5 అడుగులు విడువనిచో వడ్డించువారు చారు బకెట్టుతో నడువలేరు. ఒక వైపునే కూర్చుండబెట్టినచో బల్లకు ముగ్గురే పట్టుదురు గాని ఎదుటనుండి వడ్డించుట సులువగును. చేతులు కడుగుకొను చోటు తినుచున్నవారి వెనుకగా కాక తలుపు బయట ఉండుట మేలు.

అయితే పంక్తుల విషయములో జాగ్రత్త కావలెను. కొరింథు సంఘములో ఒకరు ఆకలితో ఉండగా మరియొకరు తిని త్రాగి మత్తులగుట చూచి పౌలు గద్దించెను (1 కొరింథీ 11:21). మొదటి పంక్తికి మాంసము ముక్కలు, ఆఖరి పంక్తికి ఉత్త పులుసు రాకుండ చూచుకొనవలెను. వంట చేసినవారికి, పాత్రలు కడిగినవారికి, వాచ్‌మనుకు ముందే లెక్కకట్టి తీసి ఉంచవలెను.

ఇంకొక మాట దాచుకొనరాదు. యోసేపు ఇంటిలో ఐగుప్తీయులకు వేరుగా, హెబ్రీయులకు వేరుగా వడ్డించిరి (ఆది 43:32). అది ఐగుప్తు ఆచారము. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోంచేయుట మాని వెనుకకు తీసినపుడు పౌలు అందరి ఎదుట నిలదీసెను (గలతీ 2:11–14). సువార్త సత్యము భోజనపు పంక్తిలో తేలిపోవునని పౌలు ఎరిగియుండెను. కులమును బట్టి, పేటను బట్టి, వేసికొన్న బట్టలను బట్టి బల్లలు వేరుపడిన సంఘములో ప్రభువు బల్లకు ఏ అర్థము మిగులును? ఇంటిలో పనిచేయు అమ్మాయికి వేరే కంచము, వేరే గ్లాసు పెట్టి, ఆదివారము ఒకే పాత్రలోనిది త్రాగుట ఎట్లు? బల్ల కొనువారు దానియొద్దకు ఎవరిని రానిచ్చెదరో కూడ కొనునాడే నిర్ణయించుకొనవలెను.

ఈ నెల చేయవలసిన పని

ఈ వారములో ఒక సాయంకాలము ఇంటిల్లిపాది కూర్చుని పేర్ల జాబితా వ్రాయుడి. కొత్త బల్ల కొనువారు ఆ లెక్కను బట్టి, గదిని బట్టి కొనుడి. పాత బల్ల ఉన్నవారు దానిమీది బట్టలు, పుస్తకములు తీసివేసి, ఫోనులు వేరొక చోట పెట్టి, దినమునకు ఒక్క పూటయైనను అందరు కలిసి తినుడి. కుర్చీ చాలనిచో స్టూలు వేయుడి. వండినవారు కూర్చుండిన తరువాతనే ప్రార్థన మొదలుపెట్టుడి. ఆమె కూర్చుండువరకు ఎవరును అన్నములో చేయి పెట్టకుండ పిల్లలకు నేర్పించుడి. ఈ అలవాటుకు రూపాయి ఖర్చు లేదు.

మన బల్లలు చిన్నవైనను పెద్దవైనను, వాటి చుట్టు కూర్చుండువారిలో ఏ ఒక్కరి చోటును ఖాళీగా ఉండకుండ ప్రభువు మన గృహములను దీవించును గాక. ఆమేన్.